ఆ శనివారం పొగ లేదు

"పసుపు కోటేదిరా?" అన్నాడు కెల్విన్, వంటింటి గుమ్మంలో నిలబడ్డ బావమరిదిని ఎగాదిగా చూసి.

"కారులో ఉంది బావా."

"కారుకేమన్నా చలేస్తోందా? తెచ్చి వేసుకో. మూడింటికి సభకి టీవీవాళ్లు వస్తున్నారు."

"వేసుకోను," అన్నాడు డార్సీ. గొంతు పెంచలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

వెర్నా తలెత్తలేదు. కోడిగుడ్డు శాండ్‌విచ్‌లకి అంచులు కోస్తోంది. ఊరి సభ అంటే ఏ ఇంటి ఆడవాళ్లు ఆ ఇంటి ప్లేటు పట్టుకెళ్లాల్సిందే. శాసనసభ్యుడి పెళ్లామైనా అంతే. పైగా శాసనసభ్యుడి పెళ్లాం ప్లేటులో ఏముందో అందరూ వంగి మరీ చూస్తారు.

డార్సీ ఆమె తమ్ముడు. టాలో క్రీక్ ఊరి వలంటీర్ ఫైర్ దళానికి కెప్టెన్. జీతం లేని కొలువుల్లో ఊరందరికీ అదే పెద్దది. ఇక్కడి నడి ఎండాకాలం, జనవరిలో, ఊరి పక్క కొండగట్టు మీంచి దిగిన మంట తూర్పు రోడ్డంతా ఊడ్చుకుపోయినప్పుడు ఆ పసుపు కోటు విప్పకుండా, కంటి మీద కునుకు లేకుండా తిరిగాడు. ఇవాళ మాత్రం ఇస్త్రీ చేసిన నీలం చొక్కా తొడుక్కుని వచ్చాడు, అక్క ఇంటికి భోజనానికి పిలిస్తే వచ్చినవాడిలా.

"నువ్వేం మాట్లాడక్కర్లేదురా," అన్నాడు కెల్విన్, ఈసారి కాస్త మెత్తగా. "మాట్లాడేది నేను. నా పక్కన కోటు వేసుకుని నిలబడు. నేను చెప్పినప్పుడు తలూపు. అంతే."

"దేనికూపాలి?"

"నగరంలో కూర్చుని పర్యావరణం పర్యావరణం అనే పచ్చపార్టీవాళ్లు మనల్ని అడవిలో తుక్కు కాల్చుకోనివ్వలేదు. కాల్చుకోనిచ్చి ఉంటే ఊరు దక్కేది. దీనికి."

"మనల్నెవరూ ఆపలేదు బావా. అనుమతి చేతిలోనే ఉంది కదా."

"ఈ ఒక్క గట్టు సంగతి కాదురా. మొత్తం మీద అంటున్నా."

"మొత్తం మీదైతే నువ్వే ఊపుకో. నాకున్నది ఒక్క తల."

మరో రోజైతే వెర్నా ఫక్కున నవ్వి ఉండేది. బావా బావమరుదులు ఒకరినొకరు దెప్పుకోకుండా ఆ ఇంట్లో ఒక్క ఆదివారమూ గడిచింది లేదు. కానీ ఈ నెల రోజులుగా నవ్వు ఆ ఇంటి చాయలకే రావడం లేదు.

కెల్విన్ మాటకారి. ఆ మాటతోనే మూడు ఎన్నికలు నెగ్గాడు. మంటలు ఆరిన మొదటి వారం, ఎవడో కావాలని అంటించాడన్నాడు. రేడియోలో బల్ల గుద్ది, ఆ అంటించినవాణ్ణి బతికున్నంత కాలం జైల్లో పెట్టాలన్నాడు. తీరా అది పిడుగు పడి అంటుకున్న మంట అని పోలీసులే తేల్చారు. పిడుగుని జైల్లో పెట్టడం కుదరదు కాబట్టి రెండో వారం నుంచి పచ్చపార్టీ మీద పడ్డాడు.

"ఊళ్లో నీ గురించి ఏమనుకుంటున్నారో తెలుసా?" అన్నాడు కెల్విన్. "గట్టు కాలుస్తానని చెప్పి కాల్చకుండా పడుకున్నాడు కెప్టెన్, అంటున్నారు. నేనీ మాట అంటున్నది నీ కోసం కూడానూ. తప్పు పైవాళ్ల మీదకి పోతే నీ మీదుండదు. పిచ్చోడా, నెత్తిన గొడుగు పడతానంటే తడుస్తానంటావేంట్రా?"

డార్సీ టీ కప్పు తీసుకుని లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. జాలీ తలుపు వెనక్కి వచ్చి చప్పుడుతో మూసుకుంది.

"నువ్వు చెప్పు వాడికి," అన్నాడు కెల్విన్ పెళ్లాంతో. "నీ మాటైతే కాదనడు."

వెర్నా చేతిలో కత్తి ఆగింది. కాదనడు. నిజమే, ఎన్నడూ కాదనలేదు.

ఆ గట్టు ఎందుకు కాల్చలేదో ఈ భూమ్మీద ఎరిగినవాళ్లు ఇద్దరేనని వెర్నా నమ్మకం. ఒకడు వరండాలో కూర్చున్నాడు. రెండోది తను.

కిందటి సెప్టెంబరులో ఒక శనివారం తూర్పు గట్టు కాలుద్దామని డార్సీ దళం ముహూర్తం పెట్టుకుంది. నేల మీద మోకాలిలోతు పేరుకున్న ఎండుటాకూ బెరడూ పుల్లా, చలి పూర్తిగా పోకముందే మనంతట మనమే మెల్లగా కాల్చేస్తే, ఎండల్లో వచ్చే మంటకి మేత ఉండదు. గట్టు కింద రోడ్డులో నోలా, ఆమె మొగుడు మెర్వ్ నీళ్ల గొట్టాలు సిద్ధం చేసుకున్నారు కూడా. అదే శనివారం బ్రియోనీ పెళ్లి. ఒక్కగానొక్క కూతురు. ఏటి ఒడ్డున పచ్చిక మీద తెల్లటి కుర్చీలు వేయించి, ఊరందరితో పాటు నగరం నుంచి నూట యాభైమందిని పిలిచారు.

వెర్నా తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒక్క వారం ఆపరా నాయనా. తెల్లగౌను వేసుకున్న పిల్ల మొహం మీద పొగ కొడితే ఏం బాగుంటుంది? మా అత్తగారికి ఆయాసం కూడానూ," అంది.

అవతల డార్సీ, "సరేలే అక్కా, పెళ్లి కానీ," అన్నాడు.

పై శనివారం ఉత్తరపు గాలి వేడిగా కొట్టింది. ఆ పై వారం కూడా అంతే. అక్టోబరులో చినుకు రాలలేదు. నవంబరుకల్లా ఆరుబయట పొయ్యి కూడా వెలిగించకూడదని నిషేధం వచ్చింది. పోయిన ఆ ఒక్క శనివారం మళ్లీ రాలేదు.

జనవరిలో గట్టు మీద పిడుగు పడింది. ఇల్లు కాపాడుకుంటానని గొట్టం పట్టుకుని ఆగిపోయిన మెర్వ్ ఆసుపత్రిలో చనిపోయాడు. నోలా ఇప్పుడు ఊరి సంత మైదానంలో, ఎవరో ఇచ్చిన కారవాన్ బండిలో, ఆ చక్రాల గదిలో ఉంటోంది.

*

వెర్నా చేతులు తుడుచుకుని వరండాలోకి వచ్చింది. డార్సీ మెట్ల మీద కూర్చుని గట్టుకేసి చూస్తున్నాడు. నల్లగా మాడిన యూకలిప్టస్ మొద్దుల ఒంటినిండా కాళ్ల నుంచి మెడ దాకా లేత చిగురు వేసింది. మనుషులు ఇంకా బూడిద కెలుక్కుంటూనే ఉన్నారు, చెట్లకి మాత్రం తొందరెక్కువ.

పక్కనే కూర్చుంది.

"నిన్న మా గేటు మీద ఎవరో అగ్గిపెట్టె పెట్టిపోయారు," అన్నాడు డార్సీ.

"అగ్గిపెట్టె ఏంటి?"

"కొత్తది. నిండుగా పుల్లలున్నాయి. సెప్టెంబరులో నీ దగ్గర అగ్గిపుల్ల లేకపోయిందా అని కాబోలు."

"ఎవరది? చేతులు పడిపోను!" అంది వెర్నా.

"ఎవరైతేనేం? ఇల్లు పోగొట్టుకున్నవాడే అయ్యుంటాడు. ఆమాత్రం కోపం ఉండదూ?"

"సభలో ఏం చెప్తావురా?"

"ఎవరూ అడక్కపోతే నోరు మూసుకుంటా. నోలా అడిగితే మాత్రం ఆమెకి అబద్ధం చెప్పలేను. నేనే ఆపేశానని చెప్తా."

"నువ్వు ఆపలేదు. నేను ఆపమన్నాను."

"ఆపమని అడిగింది నువ్వు. ఆపింది నేను. కెప్టెన్ని నువ్వా నేనా?"

"ఆ తెలివి ఫోన్‌లో ఏమైంది? కుదరదక్కా, పెళ్లి పెళ్లే, పని పనే అని ఒక్క మాట అనుంటే చచ్చేదాన్నా?"

అనేశాక నాలిక్కరుచుకుంది. డార్సీ మాత్రం నొచ్చుకోలేదు. కప్పులో మిగిలిన టీ మెట్ల పక్కన పారబోశాడు.

"అనుండాల్సింది," అన్నాడు.

ఆ ఒక్క మాటకి వెర్నాకి ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది. చిన్నప్పుడు ఆవుల కొట్టంలో తను ఒలకబోసిన పాలకేనుకి వీడే నాన్న చేత దెబ్బలు తిన్నాడు. నోరు విప్పలేదు. అప్పుడు తను తలుపు చాటున నిలబడి చూసింది. ఇప్పుడూ అంతే, ఈ నెల రోజులుగా చాటునే నిలబడి ఉంది.

"నేను చెప్పేస్తాను," అంది.

"చెప్పి? మే నెలలో ఎన్నికలు. బావ పని ఖతం. ఎమ్మెల్యేగారి అమ్మాయి పెళ్లికి ఊరు తగలబెట్టుకున్నారని పత్రికలు రాస్తాయి. అది వద్దనుకో. బ్రియోనీ సంగతో? బతుకంతా తన పెళ్లి ఫొటో చూసుకున్నప్పుడల్లా దానికి ఏం కనబడాలి?"

"ఏంటి నా పెళ్లి ఫొటో?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. బ్రియోనీ ఇంటి పక్కగా నడిచొచ్చి, గుడ్డ కప్పిన స్కోన్ రొట్టెల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. సముద్రం ఒడ్డు బడిలో సైన్సు చెప్తుంది. రేడియోలో నాన్న మాటలు నచ్చక ఆయనతో మాట్లాడి పదిహేను రోజులైంది. వచ్చింది అమ్మ కోసం.

"ఏం లేదమ్మా," అంది వెర్నా.

"ఏం లేకపోతే మామయ్య మొహం అలా ఎందుకుంది?"

డార్సీ నీళ్లు నమిలాడు. అబద్ధం చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాదు. వెర్నా కూతురి చేతిలో పళ్లెం తీసుకుని మెట్టు మీద పెట్టి, చెప్పేసింది. శనివారం, ఫోన్, తెల్లగౌను, పొగ. దాచకుండా చెప్పింది. చెప్తున్నంతసేపూ గట్టునే చూసింది గానీ కూతురి మొహం చూడలేదు.

బ్రియోనీ అక్కడే కిందిమెట్టు మీద చతికిలబడింది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మెర్వ్ తాత ఆమెకి చిన్నప్పుడు గుర్రం ఎక్కడం నేర్పినవాడు.

కాసేపటికి మొహం తుడుచుకుని అంది: "అమ్మా, ఇటు చూడు. ఇది నీ తప్పు కాదు."

"మరెవరిది?"

"తాతయ్య కాలంలో జూన్ నుంచి అక్టోబరు దాకా ఏ శనివారమైనా కాల్చుకునేవారు. ఔనా మామయ్యా? ఒక వారం పెళ్లుంటే పై వారం. దాని గురించి ఎవరన్నా ఆలోచించేవారా? ఇప్పుడు చలికాలమే కుంచించుకుపోయింది. నేల ఎండిపోయింది. కాల్చడానికి ఏడాది మొత్తమ్మీద ఒక్కరోజే దొరికితే, ఆ ఒక్కరోజు పెళ్లి పెట్టుకోవడం నీ నేరమా? భూమిని వేడెక్కించే ఆ బొగ్గు తవ్వేవాళ్లదీ, వాళ్లని వెనకేసుకొచ్చే నాన్నలాంటివాళ్లదీ."

ఆ మాటలు వెర్నాకి చల్లగా తగిలాయి. నెల రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడింది. పిల్ల చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. నాన్న కాలం ఆమెకీ గుర్తే, శనివారం శనివారం కొండ మీద సన్నటి పొగ, ఇంటికొచ్చిన మగవాళ్ల చొక్కాల్లో ఆ వాసన. ఆ మాటని పట్టుకుని సుఖంగా నిద్రపోవచ్చు.

పట్టుకోలేకపోయింది.

"నువ్వన్నది నిజమేనే తల్లీ," అంది నెమ్మదిగా. "ఎండలు పెరిగాయి. నాకూ తెలుసు. మీ నాన్న అనేదీ కొంత నిజమే, గట్టు మీద తుక్కుంది. అన్నీ నిజాలే. కానీ మీ నాన్న తన నిజం వెనక దాక్కున్నాడు. ఇప్పుడు నాకూ ఒకటి తెచ్చిపెట్టావు. నోలా ఎదురుపడి మా ఆయన ఏడమ్మా అంటే, వాతావరణం అని చెప్పనా?"

డార్సీ ఏదో అనబోయాడు. పెదవి కదిలింది, మాట రాలేదు. వెర్నా అది చూసింది. నాకోసం బాధపడుతున్నాడు కాబోలనుకుంది.

"బయల్దేరదామా?" లోపల్నుంచి కెల్విన్ కేకేశాడు. "వెర్నా, నా నీలం టై చూశావా?"

*

ఊరి హాలు రేకుల కప్పు కింద జనం కిక్కిరిసి ఉన్నారు. గోడ పక్క బల్లల మీద ప్లేట్లు వరసగా పేర్చారు. పిచికారీ గొట్టాల్లా మూతులు చాపిన పెద్ద టీ పాత్రలతో ఆడవాళ్లు వంటగది కిటికీ దగ్గర హడావిడి పడుతున్నారు. వెర్నా కూడా అక్కడే కప్పులు సర్దుతూ నిలబడింది. అక్కణ్ణుంచి వేదికా కనబడుతుంది, మూడో వరసలో కూర్చున్న నోలా తెల్లజుట్టూ కనబడుతుంది.

కెల్విన్ మొదలుపెట్టాడు. నష్టపోయినవాళ్ల పేర్లు చదివాడు, ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెప్పాడు. మెర్వ్ పేరు దగ్గర గొంతు వణికింది. అది నటన కాదని వెర్నాకి తెలుసు. ఇద్దరూ ముప్పై ఏళ్లు ఒకే జట్టులో క్రికెట్ ఆడారు.

తర్వాత అసలు మాటకొచ్చాడు. "ఇది ప్రకృతి మన మీద పగబట్టడం కాదు. ఎక్కడో కూర్చుని చెట్లని కౌగిలించుకునేవాళ్లు మన చేతులు కట్టేశారు. మన కెప్టెన్ ఇక్కడే ఉన్నాడు. ఈ గట్టు కాల్చుకోనిచ్చి ఉంటే..."

"ఎండ సంగతేంటయ్యా?" వెనక నుంచి ఎవరో అరిచారు. "అది కూడా పచ్చపార్టీయే తెచ్చిందా?"

"నువ్వు కూర్చోవోయ్! నీ ఇల్లు కాల్లేదుగా!" ఇంకెవరో అందుకున్నారు.

హాలు రెండుగా చీలి గోలగోలైంది. ఒకరు బొగ్గన్నారు, ఒకరు బద్ధకమన్నారు, ఒకరు దేవుడన్నారు. టీవీ అమ్మాయి కెమెరావాణ్ణి అటూ ఇటూ తిప్పుతోంది.

ఆ గోలలో నోలా లేచి నిలబడింది. ఆమె నిలబడటం చూసి ఒక్కొక్కరే నోరు మూశారు.

"నాకు పార్టీల సంగతి తెలీదు," అంది. సన్నటి గొంతు. "డార్సీ, నిన్నొక మాటడుగుతా. సెప్టెంబరులో మా వెనక గట్టు కాలుస్తామని కబురు పెట్టావు. మెర్వ్ ఇంటి చుట్టూ గడ్డి కోసి, గొట్టాలు బిగించి పెట్టుకున్నాడు. మీరెందుకు రాలేదు బాబూ?"

"అనుమతుల దగ్గర చిక్కొచ్చింది నోలా," అన్నాడు కెల్విన్ చటుక్కున. "నేను చెప్తున్నది అదే..."

"అనుమతి ఉంది," అన్నాడు డార్సీ.

లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, మళ్లీ తీసేశాడు. "అనుమతి ఉంది. రోజు కూడా మంచిదే. మమ్మల్నెవరూ ఆపలేదు. నేనే ఆపేశాను."

"ఎందుకు?"

"నా తప్పు నోలా. అంతే."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెర్నా కెల్విన్ మొహం చూసింది. ఆ మొహంలో ఒక్క క్షణం తికమక కనబడింది, మరుక్షణం సర్దుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ సర్దుకోవడం ఆమెకి బాగా అలవాటే. ఈసారి మాత్రం అది ఎటు పోతుందో ముందే తెలిసిపోయింది.

"ఇది నేనూ ఇప్పుడే వింటున్నాను," అన్నాడు కెల్విన్ బరువుగా, మైకు దగ్గరగా పట్టుకుని. "బంధుత్వం బంధుత్వమే, ఊరు ఊరే. ఇలాంటి నిర్ణయం ఎవరు తీసుకున్నా జవాబు చెప్పి తీరాలి. డార్సీ మీద విచారణ జరగాలని నేనే ముందుగా కోరతాను."

ఎవరో చప్పట్లు కొట్టారు. డార్సీ తల దించుకుని కూర్చున్నాడు.

వెర్నా చేతిలో కప్పు బల్ల మీద పెట్టింది. వంటగది తలుపు తీసుకుని హాల్లోకి నడిచింది.

"వాణ్ణి అడక్కండి," అంది. "నన్నడగండి. ఆ శనివారం మా అమ్మాయి పెళ్లి. పొగొస్తుంది, ఒక్క వారం ఆపమని వాడికి ఫోన్ చేసింది నేను. అక్క మాట కాదనలేక ఆపాడు. నోలా, తప్పు నాది."

రేకుల కప్పు ఎండకి టిక్కుమంటోంది. బ్రియోనీ వెనక గోడకి ఆనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నోలా వెర్నా వైపు తిరిగింది. "ఆ పెళ్లికి నేనూ వచ్చాను కదే," అంది. "ఎంత తేటగా ఉందో ఆకాశం అని మెర్వ్ అన్నాడు. మోకాలి నొప్పి కూడా మర్చిపోయి నాతో డాన్స్ చేశాడు. మళ్లీ చెయ్యలేదు."

వెర్నా మూడో వరస దాకా నడిచింది.

"ఒక్కటే చెప్పు," అంది నోలా. "ఆ రోజు పోతే ఇంకో రోజు దొరకదని నీకు తెలుసా?"

"తెలీదు నోలా. నా బిడ్డ మీద ఒట్టు. పై వారం కాల్చుకుంటారనే అనుకున్నా."

నోలా తలూపింది. క్షమించినట్టా, విన్నట్టా, ఎవరికీ అర్థం కాలేదు.

"అక్కా, ఇంక చాలు," అన్నాడు డార్సీ.

మళ్లీ లేచి నిలబడ్డాడు. వరండాలో ఆగిపోయిన ఆ మాట ఇప్పుడు గొంతు దాటింది.

"అక్కకి తెలీదు. నాకు తెలుసు," అన్నాడు. "పెళ్లికి రెండ్రోజుల ముందు వాతావరణ కేంద్రంవాళ్లు ఫోన్ చేసి చెప్పారు. ఈ శనివారం దాటితే ఎండలు ముదిరేదాకా ఇలాంటి రోజు దొరకడం కష్టం అని. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. అక్కకి చెప్తే పెళ్లి ముందు బెంగపెట్టుకుంటుంది. అందుకని బావకి ఫోన్ చేశాను."

వెర్నా చప్పున వేదిక వైపు తిరిగింది.

"అక్క ఇలా ఆపమంటోంది, వాళ్లు అలా అంటున్నారు, ఏం చెయ్యను అని అడిగాను," అన్నాడు డార్సీ, నోలాని చూస్తూ. "బావ నవ్వాడు. 'వాళ్లకి ఏడాదికోసారి లోకం మునిగిపోతుందిరా, వాళ్ల మాటలు పట్టుకుని నా కూతురి పెళ్లి పాడుచేస్తావా?' అన్నాడు. నిజమేననిపించింది. నేనూ నవ్వాను నోలా. అందుకే తప్పు నాదన్నాను."

వెర్నా మొగుణ్ణి చూస్తూ నిలబడిపోయింది. నెల రోజులుగా తను ఎవరికి తెలియకూడదని కుమిలిపోయిందో, ఆయనకి ఆ శనివారం కంటే ముందే తెలుసు. తెలిసే ఎవడో అంటించాడన్నాడు, పచ్చపార్టీ అన్నాడు. తెలిసే పక్కన పడుకుని నిద్రపోయాడు. ఇప్పుడు తెలిసే తన తమ్ముడి మీద విచారణ అడిగాడు.

కెల్విన్ వేదిక దిగి ఆమె దగ్గరకొచ్చి, చెవి పక్కగా వంగాడు.

"వెర్నా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

మైకు ఇంకా చేతిలోనే ఉంది. ఆ మాట చివరి వరస దాకా అందరికీ వినబడింది.

వెర్నా మూడో వరసలో ఖాళీ కుర్చీ ఒకటి లాగి, నోలా పక్కన వేసుకుని కూర్చుంది.

"ఇక్కడే చెప్పు కెల్విన్," అంది. "పెళ్లికొచ్చినవాళ్లంతా ఇక్కడే ఉన్నారు."